ఫింగర్లింగ్సా, జీరో సైజా? మన చెరువులకు ఏది మేలు

వానల కాలం దగ్గరపడితే చాలు, కావలి, ఉదయగిరి, కనిగిరి వైపు రైతులు అడిగేది ఒకటే: "అన్నా, ఈసారి చెరువులో ఏ సైజు చేపపిల్ల వెయ్యమంటావు?" శీలావతి, బొచ్చె కలిపి వెయ్యాలన్న దానిలో ఎవరికీ అనుమానం లేదు. తేలనిది సైజు దగ్గరే. రూప్‌చంద్, పంగాసియస్ చేపల సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు గానీ, వాటికి మేత ఖర్చు మోయాలి. వర్షాధార చెరువుకు నేను చెప్పను.

స్పాన్, ఫ్రై అంటే గుడ్డు నుంచి వచ్చి ఎన్నో రోజులు కాని బుల్లి పిల్లలు. అవి వేరుగా పెంచే నర్సరీ చెరువు ఉన్నవాళ్ల పని. నేరుగా పెద్ద చెరువులో వదిలితే నీటి పురుగులకే సరిపోతాయి.

ఇక ఫింగర్లింగ్స్, జీరో. ధర చూస్తే ఎవరైనా ఫింగర్లింగ్స్ వైపే మొగ్గుతారు. వేలెడు పిల్ల, వేల లెక్కన కొని ఆక్సిజన్ కవర్లలో ఆటోలోనే తెచ్చుకోవచ్చు. జీరో అలా కాదు. కిక్కిరిసిన చెరువులో అరకొర మేతతో నెలల తరబడి ఎదుగుదల ఆపి ఉంచిన పిల్ల అది. ఒక్కోటి వంద గ్రాములు, ఆపైన. కొనేది కిలోల లెక్కన, రావాల్సింది నీళ్ల ట్యాంకున్న లారీలో. ఎకరాకు రెండు వేలు వేస్తే రెండు క్వింటాళ్ల చేప కొన్నట్టే. చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే.

నన్నడిగితే తేల్చాల్సింది ధర కాదు, నెలలు. పిల్లల్ని పుట్టించే హేచరీల్లో శీలావతి, బొచ్చెలకు ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించే అసలు సీజను జూన్ నుంచి ఆగస్టు దాకా, అంటే నైరుతి వానల్లో. మన చెరువులు నిండేది ఆ సీజను దాటాక, ఈశాన్య వానలకు, అక్టోబరు, నవంబరుల్లో. మే వచ్చేసరికి అడుగు కనబడుతుంది. చేతిలో ఉన్నది ఆరు నెలలు, అందులోనూ చలి రోజుల్లో చేప మేత తగ్గిస్తుంది. వేలెడు పిల్ల ఆ కాస్త కాలంలో అర కిలో దాటడం కష్టం. ఆ సైజుకు వ్యాపారి ఇచ్చే ధర తెలిసిందే. జీరోకు ఖాళీ చోటు, కొత్త నీళ్లు దొరకగానే ఆగిన ఎదుగుదలంతా అందుకుంటుంది. తౌడు, వేరుశెనగ చెక్క కలిపి చిల్లుల సంచుల్లో కర్రలకు కట్టి సరిగా మేపితే ముప్పావు కిలో, కిలో దాకా వస్తుంది.

నష్టం లెక్కా చూడండి. ఎండిన చెరువే కదా అనుకుంటాం, కొత్త నీళ్లతో పాటు కొర్రమీను, వాలుగ వచ్చేస్తాయి. పైన నీటికాకులు. వేలెడు పిల్ల వాటికి ఒక్క గుటక. వంద గ్రాముల చేప అంత తేలిగ్గా చిక్కదు.

అయితే జీరో పేరుతో వచ్చేదంతా జీరో కాదు. లారీ దించకముందే పదిపదిహేను పిల్లల్ని బేసిన్‌లోకి తీసి చూడండి. తల పెద్దదై ఒళ్లు కత్తిలా సన్నబడి ఉంటే అది గిడసబారిన పిల్ల, ఎంత మేపినా రాదు. రెక్కల మొదట్లో చదునైన చిన్న పురుగులు పాకుతుంటే చేప పేను. అంత పెద్ద చెరువులో మందు కొట్టి దాన్ని వదిలించడం మన వల్ల కాదు, లారీని వెనక్కి పంపేయండి.

కోవూరు, ఇందుకూరుపేట వైపు కాలువ నీళ్లతోనో, ఉప్పు లేని బోరుతోనో ఏడాది పొడవునా నీళ్లు నిలబెట్టుకోగలిగితే ఫింగర్లింగ్స్ వెయ్యండి, తప్పు లేదు. పెరగడానికి వాటికి టైముంటుంది.

జీరో కొనే డబ్బు లేదు, చిన్న బోరు మాత్రం ఉంది అనేవాళ్లకు ఇంకో దారుంది. ఈ ఏడు నేను చేస్తున్నది అదే. ఆగస్టులో ఫింగర్లింగ్స్ కొని బోరు నీళ్ల చిన్న గుంటలో ఒత్తుగా వేశాను. పైన వల కప్పాను, మేత కొద్దికొద్దిగా వేస్తున్నాను. తెల్లవారుజామున పిల్ల పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే కొత్త నీళ్లు వదలాలి, ఆ కాపలా తప్పదు. నవంబరుకు వంద గ్రాములు రాకపోయినా జానెడు పిల్ల చేతికొస్తుంది, లారీ ఖర్చు ఉండదు.