‘అమృతం’ మళ్లీ చూశాక: పేరు అమృతరావుది, బరువు ఆంజనేయులుది

2001 నవంబరు 18, ఆదివారం నాడు జెమిని టీవీలో మొదలై, 2007 నవంబరు దాకా వారం వారం ప్రసారమైన ‘అమృతం’ హాస్య ధారావాహికను ఈ మధ్య మొదటి భాగం నుంచి వరుసగా మళ్లీ చూశాను. 300కు పైగా ఉన్న ఆ భాగాలు ఇప్పుడు యూట్యూబులో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంతకు ముందు ఎక్కడ పడితే అక్కడ ఒక్కో భాగం చూసినప్పుడు నాకు తట్టని సంగతి ఒకటి, వరుసగా చూసినప్పుడు స్పష్టంగా కనిపించింది. ఈ కథకు పేరు అమృతరావుదే అయినా, ఆరేళ్ల పాటు దాని బరువు మోసినవాడు అతని స్నేహితుడు ఆంజనేయులు.

అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ పోషించారు. ప్రధాన పాత్రధారి ఒక్కసారి మారితేనే చాలా ధారావాహికలు చతికిలబడతాయి. ఇక్కడ రెండుసార్లు మారినా కథ తూలలేదు. ముగ్గురూ ముగ్గురే. శివాజీరాజా అమృతరావు మన పక్క పోర్షన్‌లో ఉండే మనిషిలా ఉంటాడు. ‘నాలుగు స్తంభాలాట’, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ వంటి జంధ్యాల చిత్రాలలో నటించిన నరేష్‌కు సంభాషణను ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో బాగా తెలుసు. హర్షవర్ధన్ అమృతరావు నిలకడ లేని మనిషి; తప్పు చేస్తున్నప్పుడే అతని గొంతులో నమ్మకం ఎక్కువగా పలుకుతుంది, అందుకే ఈ ముగ్గురిలో నేను అతనికే పెద్దపీట వేస్తాను. అయితే, ఇంత తేడా ఉన్న ముగ్గురినీ ప్రేక్షకులు ఒకే మనిషిగా ఒప్పుకోగలిగారంటే, ఆ ఒప్పుకోలు ముందుగా ఆంజనేయులు ముఖంలో కనిపించింది కాబట్టే. ఎదుట ఉన్నది ఎవరైనా అతడు అదే భయంతో, అదే ప్రేమతో చూశాడు, కాబట్టి మనమూ అలాగే చూశాం.

ఆ పాత్ర వేసిన గుండు హనుమంతరావు విజయవాడ రంగస్థలం నుంచి సినిమాలలోకి వచ్చిన నటులు. వెండితెర మీద ఆయనకు ఎక్కువగా చిన్న పాత్రలే దక్కాయి. వచ్చి, నవ్వించి, వెళ్లిపోయే పాత్రలు. ‘అమృతం’ మాత్రం ఆయనకు వినడానికి సమయం ఇచ్చింది. ఒక్కసారిగా డబ్బు సంపాదించే ఉపాయమేదో అమృతరావు వివరిస్తున్నంతసేపూ, కెమెరా తన మీద ఉన్నా లేకపోయినా, ఆంజనేయులు వింటూనే ఉంటాడు. మొదట భయం, ఆ వెంటనే చిన్న ఆశ, అది బయటపడకూడదన్న జాగ్రత్త, చివరికి స్నేహితుడి మీద జాలితో లొంగిపోవడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ ముఖం మీద నడుస్తాయి. నోరు వద్దంటుంది, కాళ్లు మాత్రం అప్పటికే అమృతరావు వెంట నడుస్తుంటాయి. హాస్యం కోసం ఆయన ఎన్నడూ గొంతు చించుకోలేదు. పక్కనున్న నటుడి మాట పేలాలని తాను వెనక్కి తగ్గే గుణం రంగస్థలం నేర్పేదేనని నా నమ్మకం.

బరువు ఆంజనేయులుదేనన్న సంగతి ధారావాహికను తలపెట్టినవారికి మొదటి నుంచీ తెలుసేమోనని కూడా నాకు అనిపిస్తుంది. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచిన శీర్షిక గీతం ధైర్యం చెబుతూ పేరు పెట్టి పిలిచేది ఆంజనేయులునే.

ధారావాహిక సృష్టికర్త గుణ్ణం గంగరాజు అంతకు ముందు 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ చిత్రానికి దర్శకత్వం వహించారు. ‘అమృతం’ తొలి రోజుల భాగాలలో కొన్నింటికి, తరువాత ‘ఐతే’ తీసిన చంద్రశేఖర్ యేలేటి దర్శకత్వం వహించారు. ఆ తర్వాత మరికొందరు ఆ బాధ్యత తీసుకున్నారు. దర్శకులు మారినా కట్టుబాటు మారలేదు. వారానికి ఒక కథ, ఆ వారంలోనే ముగింపు. రోజూ ప్రసారమయ్యే ధారావాహికలలో ఒక్క చూపును మూడు కోణాల నుంచి సాగదీసి చూపించడానికి కారణం నటులో దర్శకులో కాదు, రోజూ అరగంట నింపక తప్పని అవసరం. వారానికి ఒక్కసారే రావడం వల్ల ‘అమృతం’ రచయితలకు కథను చెక్కుకునే వ్యవధి దొరికింది. పెద్ద సెట్టింగులు లేవు. అద్దె ఇల్లు, అమృత విలాస్ అనే చిన్న హోటలు, నాలుగు బల్లలు, ఒక గల్లాపెట్టె ఉంటే సరిపోయింది.

మిగిలిన పాత్రలలో ఇంటి యజమాని అప్పాజీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శివన్నారాయణ ఆ పాత్రను ఒక హాస్య పాత్రగా కాక, అద్దె అడిగే హక్కు తనకు పూర్తిగా ఉందని నమ్మే పెద్దమనిషిగా నటించారు. ప్రతి అక్షరాన్నీ ఒత్తి, తీరిగ్గా పలికే ఆ పద్ధతి వల్ల ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే గదిలో ఉన్నవారితో పాటు మనకూ బెరుకు పుడుతుంది. అద్దె ఇళ్లలో పెరిగినవారికి ఈ బెరుకు ఏమిటో వివరించనక్కరలేదు. హోటల్లో పనిచేసే సర్వంగా నటించిన వాసు ఇంటూరి అమాయకత్వం కూడా తూకం తప్పదు.

లోపాలూ ఉన్నాయి. అమృతరావు భార్య సంజీవని, ఆంజనేయులు భార్య శాంత పాత్రలకు రచయితలు తగినంత పని ఇవ్వలేదు. భర్తల తెలివితక్కువ పనులను కనిపెట్టి కోప్పడటమే చాలా భాగాలలో వారికి మిగిలింది. శాంతగా నటించిన రాగిణి వంటి నటి చేతిలో ఉన్నప్పుడు ఇంకెంతో రాయవచ్చుననిపించి బాధ కలుగుతుంది. చివరి సంవత్సరాలలో కొన్ని కథలు పాత కథలనే తలపిస్తాయి. అప్పటి టేపుల మీద చిత్రీకరించినది కాబట్టి, నేటి పెద్ద తెరల మీద బొమ్మ కాస్త మసకగా, ఇరువైపులా నల్లటి ఖాళీలతో కనిపిస్తుంది. ఫోనులో చూస్తే ఈ ఇబ్బంది అంతగా తెలియదు.

గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. 2020 ఉగాదికి ఆన్‌లైన్ వేదిక జీ5లో దీని కొనసాగింపుగా ‘అమృతం ద్వితీయం’ మొదలైనప్పుడు ఆంజనేయులు పాత్రను ఎల్.బి.శ్రీరామ్ స్వీకరించారు. ఆయన రచయితగా, నటుడిగా నాకు ఎంతో ఇష్టమైనవారు. కానీ ఆయన మాట్లాడటం మొదలుపెడితే సన్నివేశం ఆయనదైపోతుంది. ఆ గొంతుకు ఉన్న బలం అటువంటిది. ఆంజనేయులుకు కావలసింది అందుకు సరిగ్గా ఎదురు గుణం. హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి ముగ్గురూ తమ పాత స్థానాలలోనే ఉన్నా, అమృతరావు చెప్పే ఉపాయం మునుపటిలా వినేవాడు లేక గాలిలో కలిసిపోయినట్లు తోచింది. అమృతరావు మూడు రూపాలను ఇట్టే ఒప్పుకున్న నేను, రెండవ ఆంజనేయులును ఎంత ప్రయత్నించినా ఒప్పుకోలేకపోయాను.

కొత్తగా చూడబోయేవారు మొదటి భాగం నుంచే ప్రారంభించాలన్న నియమం పెట్టుకోనక్కరలేదు. హర్షవర్ధన్ వచ్చిన తర్వాతి భాగాలలో ఏవైనా నాలుగైదు ముందు చూసి, రుచి తగిలాక వెనక్కి వెళ్లవచ్చు. రోజుకు రెండు భాగాలకు మించి చూడకపోవడం మంచిది, ఎందుకంటే వారానికొకటి చొప్పున చూడటానికి రాసిన కథలను గుక్క తిప్పుకోకుండా చూస్తే అలసట వస్తుంది. అప్పాజీ అద్దె అడగడానికి వచ్చిన ప్రతిసారీ, సమాధానం చెబుతున్న అమృతరావును కాక, అతని వెనక నిలబడిన ఆంజనేయులును గమనించండి.