కార్బ్ హీట్: సెస్నా 150లో ఒకలా, చెరోకీలో మరోలా

బయట 25 డిగ్రీలున్నా చిన్న విమానం ఇంజన్‌లో మంచు కడుతుందంటే కొత్తవాళ్లు ఒక పట్టాన నమ్మరు. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ గొంతులో గాలి పీడనం పడిపోతుంది, పెట్రోలు ఆవిరవుతుంది. ఈ రెండూ కలిసి అక్కడి ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు పైగా దించేయగలవు. తేమ ఉందంటే థ్రాటిల్ రెక్క మీద మంచు పేరుకుంటుంది.

సెస్నా 150లోని కాంటినెంటల్ ఓ-200 ఇంజన్‌కు కార్బ్యురేటర్ కింద విడిగా వేలాడుతుంది, ఇంజన్ వేడి దానికి పెద్దగా అందదు. అందుకే దిగేటప్పుడు పవర్ తగ్గించకముందే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే ఏర్పాటు) నాబ్ పూర్తిగా లాగాలి. పైపర్ చెరోకీలోని లైకమింగ్ ఇంజన్‌కైతే కార్బ్యురేటర్‌ను వేడి నూనె ఉండే సంప్‌కే బిగిస్తారు. మంచు ఆనవాలు కనిపిస్తేనే వాడమంటుంది దాని మాన్యువల్. వేడిగాలితో పవర్ తగ్గుతుంది, ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేవాల్సి వస్తే ఆ లోటు ప్రమాదం.

ఆ వాదనలో న్యాయముంది. కానీ చెరోకీకి మంచు పట్టదని మాత్రం కాదు. తేమ రోజుల్లో మధ్యమధ్య లాగి చూడటమే నాకు నచ్చుతుంది. (లైకమింగ్ ఉన్న పాత సెస్నా 172లోనూ సెస్నా పద్ధతే.)

రెండింటిలోనూ మంచుకు తొలి గుర్తు ఆర్‌పీఎం మెల్లగా జారడం. హీట్ పెట్టగానే అది ఇంకా తగ్గి, కరిగిన నీరు మింగుతూ ఇంజన్ దడదడలాడుతుంది. భయపడి నాబ్ వెనక్కి నెట్టొద్దు, ఆర్‌పీఎం మళ్లీ పెరిగేదాకా ఆగండి. నేల మీద మాత్రం పరీక్షకు మించి వాడొద్దు, ఆ గాలి ఫిల్టర్ గుండా రాదు.