పదకొండేళ్లుగా మా హాల్లో ఒక పాత పియానో

2013లో కోల్‌కతాలోని ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్న అప్‌రైట్ పియానో, అంటే నిలువు పెట్టెలాంటి పియానో ఇది. విజయనగరం కంటోన్మెంటులోని మా ఇంటికి లారీలో వచ్చింది. దింపడానికి నలుగురు కలాసీలు చాలనుకున్నాను, ఎనిమిది మంది పట్టారు. ‘లోపల ఇనుము పెట్టారా బాబూ?’ అని వాళ్లలో పెద్దాయన అడిగాడు. ఉన్నది ఇనుమే. రెండు వందలకు పైగా తీగలు కలిసి దాదాపు 18 టన్నుల బిగువుతో లాగుతుంటాయి. కొయ్య చట్రానికి అంత తట్టుకునే శక్తి లేదు. ఒకే పోతగా పోసిన ఇనుప చట్రానికి 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ పేటెంట్ తీసుకున్నాడు. పియానోకు ఈనాటి గొంతూ, కలాసీల నడుములు విరిచే బరువూ ఆ దారిలోనే వచ్చాయి.

నేను చిన్నప్పుడు మా ఊరి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు అది. అక్కడ తయారైన చెవితో పియానో ముందు కూర్చుంటే మొదటి వారమే చిక్కు వచ్చింది. తోడి రాగం ఊసు ఎత్తనక్కర్లేదు, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) కుదరని వాద్యం మీద దాన్ని తలపెట్టడమే తప్పు. శంకరాభరణం హాయిగా తెల్ల మెట్ల (కీల) మీదే నడుస్తుంది కదా అని మొదలుపెడితే, అంతర గాంధారం, అంటే అందులోని ‘గ’ దగ్గర చెవి ముడుచుకుంది. తంబురాలో వినిపించే గాంధారం కన్నా ఇది కొంచెం పైన ఉంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే సుమారు 14 భాగాలు ఎక్కువ.

ట్యూనర్‌గారు వచ్చినప్పుడు దీన్ని సరిచేయమని అడిగాను. ఆయన నవ్వి, ‘ఇది మీకు నచ్చేలా దింపితే ఇంకో శ్రుతిలో వాయించేవాళ్లు నన్ను తిడతారు’ అన్నారు. ఏ మెట్టును షడ్జమంగా తీసుకున్నా పని జరగాలంటే సప్తకాన్ని పన్నెండు సమభాగాలు చేయక తప్పదు. ఆ వాటాల్లో నష్టపోయింది గాంధారమే. ఏడాది గడిచేసరికి నా చెవి రాజీపడింది. వయొలిన్ తీసిన రోజున మాత్రం మళ్లీ తగాదా.

మరి ఎందుకు ఉంచుకున్నానంటే, దాని పేరులోనే ఉన్న గుణం కోసం. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే చిన్న ముల్లు తీగను మీటుతుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వని దాదాపు ఒక్కటే. ఫ్లోరెన్స్‌లో మెడిచీ ప్రభువుల వాద్యాలు చూసుకునే బార్తొలొమియో క్రిస్టొఫోరి మీటే ముల్లు తీసేసి కొట్టే సుత్తి పెట్టాడు. 1700 నాటి ఆ ఇంటి వస్తువుల జాబితాలో ఈ కొత్త వాద్యం నమోదై ఉంది. మెల్లగానూ గట్టిగానూ పలికేది అని దానికి పేరు. ఆ పొడుగాటి ఇటాలియన్ పేరులో చివరికి మిగిలిన ‘పియానో’కు అర్థం ‘మెల్లగా’ అని. రాత్రి పదింటికి పక్క గదిలో మనవరాలు నిద్రపోతుంటే, ఆమె లేవకుండా నేను వాయించుకోగలుగుతున్నది ఈ మార్పు పుణ్యమే.

నా అసలు ఫిర్యాదు జంట వరసల మీద, అంటే ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికించే పాఠాల మీద. మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, ‘సస రిరి గగ’ అనబోతే రెండో దెబ్బ మూగబోతుంది. మెట్టు దాదాపు పూర్తిగా పైకి లేస్తే తప్ప సుత్తి మళ్లీ సిద్ధం కాదు. మెట్టు సగం లేచినా మళ్లీ కొట్టగలిగే ఏర్పాటును సెబాస్టియన్ ఎరార్ 1821లో కనిపెట్టాడు కానీ, దాన్ని చూడాలంటే గ్రాండ్ పియానో దగ్గరకు వెళ్లాలి. నాలాంటివాళ్ల నిలువు పెట్టెల్లో సాధారణంగా అది ఉండదు. వరసలు రెండో కాలంతోనే ఆపుతున్నాను. మెట్లు బరువు, పై సప్తకాలు బలహీనం అని కూడా సణుగుతుంటాను. జర్మనీలో వాద్యాలు చేసే జిల్బర్‌మన్ తయారుచేసిన తొలి పియానోల గురించి సంగీతకర్త బాఖ్ అన్నదీ ఇదేనట. ఆయన కోసం వాద్యాన్ని బాగుచేశారు. నాకు ఎవరు చేస్తారు?

ఇక మా ఊరి తేమ. సముద్రం మరీ దూరం కాదు కదా, ఆగస్టు నుంచి మెట్లు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటాయి. కింది పలక వెనుక 25 వాట్ల బల్బు రాత్రింబవళ్లు వెలిగించి ఉంచడం ఇక్కడి వైద్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు రోజుల తరబడి కరెంటు లేక ఆ బల్బు ఆరిపోయింది. నొక్కిన మెట్లు నొక్కినట్టే ఉండిపోయాయి. బాగుచేయించడానికి అయిన ఖర్చు ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. సుత్తుల మీదున్నది ఉన్ని ఫెల్టు కాబట్టి పురుగుకూ ఇష్టం, ఎలుకకూ ఇష్టం. వేపాకు వేస్తాను, మూడు నెలలకోసారి టార్చి వేసి చూస్తాను.

ట్యూనర్‌గారు కోల్‌కతా నుంచి రావాలి. విశాఖలో చర్చీలు, బడులు చూసుకుని మాకు ఒక పూట ఇస్తారు. దారి ఖర్చుల్లో మా వాటాతో కలిపి ఏటా ఒక మంచి మిక్సీ ధర అవుతుంది. కొనదలిస్తే ముందు ఈ లెక్క వేసుకోండి, తర్వాత పియానో ధర అడగండి. కొనేచోట పై మూత ఎత్తి, తీగలు చుట్టిన మేకులు తుప్పు పట్టాయా, వదులయ్యాయా చూడండి. అవి బిగువు నిలపకపోతే ఎంత ట్యూన్ చేయించినా వారానికి జారిపోతుంది. పైన పాలిష్ మెరుపు చూసి నేను ఆ పని మరిచాను, ఆరు మేకులు మార్పించాల్సి వచ్చింది.

బల్బు మాత్రం పాత ఫిలమెంటుదే పెట్టాలి, ఎల్‌ఈడీది ఆ మాత్రం వేడెక్కదు. మొన్న గంటస్తంభం దగ్గర నాలుగు దుకాణాలు తిరిగితే రెండు దొరికాయి. రెండూ తెచ్చేశాను.