డీజిల్ కారు హీట్ ఎక్కుతోందా? వాల్వు పీకేయాలా, రేడియేటర్ మార్చాలా, హెడ్ లేపాలా: ఏది మేలు?

ఎండాకాలంలో బండి హీట్ ఎక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే మూడు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "థర్మోస్టాట్ వాల్వు తీసేద్దాం సార్", "రేడియేటర్ జామైంది, కడిగిద్దాం", "గాస్కెట్ పోయుంటుంది, హెడ్ లేపాలి". థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి తెరుచుకుని, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) రేడియేటర్‌కు వదిలే వాల్వు. హెడ్ అంటే ఇంజన్ పై భాగం, గాస్కెట్ దానికీ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు. ఖర్చులో ఈ మూడింటికీ పొంతనే లేదు. ఏది సరైందో తేల్చడానికి ముందు బండి ఎప్పుడు, ఎక్కడ వేడెక్కుతోందో గమనించాలి.

ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు టెంపరేచర్ మీటరు ముల్లు లేచి, బండి కదలగానే దిగితే అనుమానం ఫ్యాన్ మీద. బానెట్ ఎత్తి ఏసీ వేయండి, కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా చూడాలి. రెండు స్పీడుల ఫ్యాన్‌లో చిన్న స్పీడుకు ఒక రెసిస్టర్ ఉంటుంది. అది కాలిపోతే ఇంజన్ బాగా కాగాక పెద్ద స్పీడులో మాత్రమే తిరుగుతుంది. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ ఉన్న జీపు తరహా బండ్లలో, ఇంజన్ వేడిగా ఉండగా ఆపేసి ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడండి. బిగువుగా కదలాలి. అడ్డూ ఆపూ లేకుండా తిరిగిందంటే ఫ్యాన్ క్లచ్‌లోని సిలికాన్ ఆయిల్ కారిపోయినట్టే.

హైవే మీద 90–100 వేగంలో ముల్లు లేస్తే ఫ్యాన్ తప్పు అయ్యే అవకాశం తక్కువ, ఎందుకంటే ఎదురుగాలే ఆ పని చేస్తుంది. అప్పుడు కూలెంట్ సరిగా ప్రవహించడం లేదనో, రేడియేటర్ వేడి వదలడం లేదనో అర్థం. తిరుమల, శ్రీశైలం లాంటి ఘాట్‌లలో లోడు ఎక్కువ, వేగం తక్కువ కాబట్టి రెండు రకాల లోపాలూ బయటపడతాయి. టెంపరేచర్ గన్‌తో పై హోస్, కింది హోస్ కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. ముల్లు పైన ఉండి పై హోస్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయింది, లేదా వాటర్ పంపు తోయడం లేదు, లేదా లోపల గాలి ఉంది. పై హోస్ కాగిపోతూ కింది హోస్ బాగా చల్లగా ఉంటే రేడియేటర్ గొట్టాలు పూడాయి. రెండూ ఒకేలా కాగుతుంటే గాలి ఆడటం లేదు. (థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉండే ఇంజన్లూ ఉన్నాయి. ముందు అది ఎక్కడుందో చూసుకోండి.)

ఇక వాల్వు సంగతి. తీసేయడమా, కొత్తది వేయడమా అంటే కొత్తదే, ఇందులో రెండో మాట లేదు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే కదలికతో బైపాస్ దారి మూస్తుంది. వాల్వు పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. మామూలు రోడ్డు మీద ముల్లు కిందే ఉండి అందరూ సంతోషిస్తారు, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మళ్లీ అదే కథ. పైగా డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే మసి ఎక్కువ, మైలేజీ తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రపడాలంటే ఇంజన్ సరైన వేడికి చేరాలి. చేరకపోతే ఫిల్టర్ నిండిపోతుంది, స్కానర్‌లో ఇంజన్ తగిన వేడికి చేరడం లేదని చెప్పే పీ0128 కోడ్ కనిపిస్తుంది.

వాల్వు విడిగా వచ్చే ఇంజనైతే పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద కొట్టిన అంకె (ఎక్కువగా 82 లేదా 88 డిగ్రీలు) దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. మరో పది పన్నెండు డిగ్రీలకల్లా 7–8 మి.మీ. దాకా లేవాలి. పాత స్విఫ్ట్, డిజైర్ డీజిల్‌లో ఉన్న 1248 సీసీ ఫియట్ ఇంజన్ లాంటివాటికి థర్మోస్టాట్ హౌసింగ్‌తో కలిపే వస్తుంది, మొత్తం మార్చడమే. అయినా రేడియేటర్ ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

రేడియేటర్ దగ్గర నిర్ణయం ఇంత సులువు కాదు. ముందు బయటి దుమ్ము చూడండి. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దూది, పురుగులు, మట్టి అట్టకట్టి ఉంటాయి, ముందు నుంచి చూస్తే కనపడవు. ఇంజన్ వైపు నుంచి బయటికి మామూలు నీటి ఒత్తిడితో కడగాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే ఫిన్లు (గొట్టాల మధ్య పలచటి రేకులు) వంగి గాలి దారి మూసుకుంటుంది. దీంతోనే సమస్య తీరే బండ్లు తక్కువేం కాదు.

లోపల పూడితే, పాత రాగి–ఇత్తడి రేడియేటర్‌కు టంకం కరిగించి ట్యాంకు విప్పి, సన్నటి చువ్వతో గొట్టాలు గీకించుకోవడం మంచి పనే. బాగా చేస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇప్పటి కార్లలో అల్యూమినియం కోర్, దానికి అంచులు మడిచి బిగించిన ప్లాస్టిక్ ట్యాంకులు. ఆ గొట్టాలు పలచన, సందు ఇరుకు. చువ్వ దూర్చితే చిల్లు పడుతుంది. ఘాటైన ఆమ్లం పోసినా అల్యూమినియం తినేస్తుంది. బురద మాత్రమే ఉంటే ఫ్లష్ పనిచేస్తుంది. సున్నం గట్టిపడిందంటే కొత్తదే మేలు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఎం-సీల్ పూసి నెట్టుకొచ్చే ప్రయత్నం మానేయండి, లోపల ఒత్తిడి సుమారు 1 బార్ ఉంటుంది. లీక్ ఆపే పొడి ఇంకా ప్రమాదం. అది లీకుతో పాటు హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లోని సన్న గొట్టాలనూ మూసేస్తుంది. కొత్త రేడియేటర్ వేస్తే మూత కూడా మార్చండి. 1 బార్ ఒత్తిడి నిలిస్తే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. మూత స్ప్రింగు సడలితే 100 దగ్గరే మరిగి కూలెంట్ డబ్బాలోంచి పొంగుతాయి.

ఈ సున్నం ఎక్కడిదంటే, బోరు నీళ్లు. నీళ్లా, కూలెంటా అన్న వాదనలో నీళ్ల వైపు ఒక నిజం ఉంది: వేడి మోయడంలో కూలెంట్ కన్నా వట్టి నీళ్లే మెరుగు. కానీ నీళ్లు తుప్పును ఆపవు, పంపు సీలును కాపాడవు, బోరు నీళ్లయితే రాయి పేరుకుంటుంది. ఇథిలిన్ గ్లైకాల్, డిస్టిల్డ్ నీళ్లు సగం సగం కలిపితే మూత లేకుండానే దాదాపు 107 డిగ్రీల దాకా మరగదు. మన ఎండలకు అదే సరిపోతుంది. గ్లైకాల్ ఎక్కువైతే వేడి మోసే శక్తి తగ్గుతుంది కాబట్టి చిక్కగా పోస్తే మంచిదన్న లెక్క తప్పు. రెడీమిక్స్ కొంటే నీళ్లు కలపొద్దు. రంగు చూసి కొనకండి, ఎరుపు, ఆకుపచ్చ అన్నవి కంపెనీల ఇష్టం. బండి మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి. వేర్వేరు రకాలు కలిపితే తుప్పు మందు దెబ్బతింటుంది, కొన్నిసార్లు జిగురు కట్టి రేడియేటర్‌లో చేరుతుంది.

హెడ్ లేపే ముందు డీజిల్ బండికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది, ఈజీఆర్ కూలర్. ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగ వేడిని కూలెంట్‌తో తగ్గించే ఈ పెట్టె లోపల చిట్లితే కూలెంట్ బయట చుక్క పడకుండానే తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది, డబ్బాలో బుడగలూ రావచ్చు. అచ్చం గాస్కెట్ పోయిన లక్షణాలే. కాబట్టి కూలర్ విప్పి, నీళ్లలో ముంచి ఒకటి, ఒకటిన్నర బార్ గాలి పెట్టి చూపించమని అడగండి. ఆయిల్ కూలర్ చిల్లుపడినా డబ్బాలో నూనె తేలుతుంది, దానికీ గాస్కెట్‌నే నిందిస్తారు. సిలిండర్ వాయువు కూలెంట్‌లో కలుస్తోందేమో చూసే నీలం ద్రవం పరీక్ష, కలుస్తుంటే పెట్రోల్ బండికి పసుపు, డీజిల్‌కు ఆకుపచ్చ చూపిస్తుంది. అది ఈజీఆర్ కూలర్ లీకుకూ రంగు మారగలదు, అందుకే కూలర్‌ను ముందు తేల్చాలి.

నిజంగా గాస్కెట్టే పోతే, లేత్ షాపులో హెడ్ ఫేసింగ్ (అడుగు ముఖాన్ని కోసి చదును చేయడం) చేయించాలా అన్నది చివరి ప్రశ్న. స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) తో కొలిచి వంపు కంపెనీ పరిమితి లోపు (తరచూ 0.1 మి.మీ. లోపే) ఉంటే కోత అక్కర్లేదు. చాలా డీజిల్ హెడ్‌లకు కోతే వద్దంటారు, హెడ్‌లో ఉండే ఇంజన్ వాల్వులకూ పిస్టన్‌కూ మధ్య సందు అంత తక్కువ. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజ్‌తో కొలిచి, దానికి తగ్గ మందం గాస్కెట్ ఎంచుకోవాలి. ఆ మందం గాస్కెట్ అంచున గాట్లు, చిల్లుల రూపంలో ఉంటుంది. సాగి బిగిసే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్లీ వాడకూడదు.

దారిలో ముల్లు ఎర్ర గీతకు దగ్గరైతే, ఇంజన్ ఆపాలా, నడుస్తూ ఉంచాలా? కూలెంట్ ఉండి ఫ్యాన్ తిరుగుతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తెరిచి, ఐడిల్‌లో రెండు నిమిషాలు ఉంచడం మేలు. ఆవిరి వచ్చినా, హోస్ పగిలినా వెంటనే ఆపేయాలి. హీటర్ నుంచి చల్లగాలి వస్తూ ముల్లు హఠాత్తుగా పడిపోతే తగ్గిందనుకోకండి. కూలెంట్ ఖాళీ అయి సెన్సర్ గాలిలో తేలుతుండొచ్చు, ఇది మరింత ప్రమాదం. మూతను కనీసం 45 నిమిషాల తర్వాతే, గుడ్డ వేసి, మెల్లగా తిప్పండి.