కడపలో థెరపీ సెంటర్‌కి ఫీజు కట్టే ముందు ఇది చదవండి

పేరు రాయను. మన ఊళ్ళో ఆటిజం పిల్లలున్న వాళ్ళకు రాయకపోయినా తెలుస్తుంది. రోజూ స్టేటస్‌లో పండగ ఫోటోలు పెట్టే వాళ్ళే. మా వాడికి 12 ఏళ్ళు, మాటలు రావు, కోపమొస్తే కొరుకుతాడు. అదంతా చేర్చేటప్పుడే చెప్పాం. "ఇట్లాంటి పిల్లల్ని చానామందిని చూసినాం, మాకొదిలేయండి" అని మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు.

నిన్న మధ్యాహ్నం పని తొందరగా అయిపోయి, ఫోన్ చేయకుండానే వెళ్ళాను. క్లాసులో లేడు. ఆయమ్మను అడిగితే తల దించుకుంది. స్టోర్‌రూమ్ తలుపు తీస్తే కుర్చీలో ఉన్నాడు, రెండు చేతులూ చున్నీతో వెనక్కి కట్టేసి. నన్ను చూసి ఏడవను కూడా లేదు, చెంపను భుజానికేసి రుద్దుకుంటూనే ఉన్నాడు. మణికట్టు మీద ముడి అచ్చు ఎర్రగా పడింది. నేను విప్పుతుంటే మేడమ్ వచ్చింది. సారీ చెబుతుందేమో అనుకున్నా.

"ఏమ్మా, చెప్పకుండా లోపలికి ఎట్లొస్తారు? మీ వాడు పొద్దున ఒక పాపను కొరికినాడు. వాళ్ళ నాన్నకు మేమేం చెప్పల్ల? ఇంట్లో గారాబం చేసి మా మీదికి తోలుతారు" అంది.

తోలుతారంట! ఫీజు వెనక్కివ్వమంటే నియమాల కాగితం చేతిలో పెట్టింది. కట్టిన ఫీజు వాపసు లేదు. పిల్లల్ని కట్టేస్తాం అన్న నియమం మాత్రం వెతికినా కనపడలేదు.

రోజువారీ రిజిస్టర్ చూపించమన్నా. ప్రతి తేదీకీ ఎదురుగా ఒకటే మాట, "అగ్రెసివ్". అంతకు ముందు ఏం జరిగింది, పిల్లాడేం చేశాడు, తర్వాత ఎవరేం చేశారు, ఈ మూడూ రాసుకోవడమే ఏబీసీ చార్ట్. బిహేవియర్ థెరపీలో మొదటి పని అది. పని తప్పించుకోవడానికా, శబ్దం భరించలేకా, ఏదైనా కావాలనా, ఒంట్లో నొప్పా అన్నది దాన్ని బట్టే తెలిసేది. అన్నం తిన్నాకే గొడవ చేస్తున్నాడని ఒక్కరు రాసి ఉన్నా చాలు.

ఎందుకంటే ఈ పొద్దున రిమ్స్ దగ్గర డెంటల్ కాలేజీకి తీసుకెళ్తే, దవడ పన్ను కింద చీము పట్టిందన్నారు. ఎన్నాళ్ళ నొప్పో. "చెంప కొట్టుకుంటున్నాడు మేడమ్" అని నేనంటే "అటెన్షన్ కోసం, పట్టించుకోకండి" అని సలహా ఇచ్చిన మహాతల్లి కూడా ఆవిడే. నేను బుద్ధిగా పట్టించుకోలేదు.

సరే, చేర్చబోయే వాళ్ళకు. ఆర్‌సీఐ (థెరపిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. గోడకు తగిలించిన సర్టిఫికెట్ కాదు, మీ పిల్లాడి పక్కన కూర్చునే మనిషిది. వాడు కొడితే మీరేం చేస్తారని అడగండి. చెప్పకుండా వచ్చి చూస్తామంటే ఒప్పుకోకపోతే గేటు దగ్గర్నుంచే తిరిగి రండి. ఉన్నట్టుండి గొడవ ఎక్కువైతే పళ్ళు, చెవులు, కడుపు ముందు డాక్టర్‌కు చూపించండి. ఆటిజం లాంటి వైకల్యాలున్న వాళ్ళకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో థెరపీ ఖర్చు క్లెయిమ్ చేసుకోవచ్చు, కాబట్టి సరైన బిల్లు ఇస్తారో లేదో చూసుకోండి. మాకిచ్చింది తెల్లకాగితం మీద సంతకం. వికలాంగుల మీద చేయి చేసుకుని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. వకీలుతో మాట్లాడుతున్నాం.

ఇది రాస్తుండగానే వాళ్ళ నంబర్ నుంచి ఫోన్. సగం ఫీజు ఇస్తారంట, ఎక్కడా చెప్పొద్దంట. వాపసు లేదని నియమాల్లో ఉంది కదా మేడమ్!