పాత యాంప్లిఫయరా, కొత్త సౌండ్‌బారా?

సెకండ్‌హ్యాండ్ యాంప్లిఫయర్, దానికి రెండు స్పీకర్లు కొనాలా, లేక టీవీ కింద పెట్టే పొడవాటి ఒక్క స్పీకరు పెట్టె, అంటే సౌండ్‌బార్ కొనాలా? బడ్జెట్ పదివేలు. ఇల్లు కోనసీమలో.

బిగింపు: సౌండ్‌బార్‌కి టీవీ నుంచి ఒక్క వైరు చాలు. యాంప్లిఫయర్‌కి స్పీకరు వైర్లని ఎరుపు, నలుపు చూసి కలపాలి. ఒక స్పీకరుకి తిరగబడితే బేస్ పలచబడిపోతుంది.

రిస్క్: పాత స్పీకర్లదే ఎక్కువ. మా కాలవగట్టు ఇంట్లో స్పీకరు కోను (శబ్దానికి అదిరే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉన్న ఫోమ్ అంచు వేలు తగలగానే పిండిలా రాలింది. కొనేముందు స్పీకరు ముందున్న జాలీ తీసి చూడండి. యాంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ గరగరకి టెన్షన్ వద్దు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో చాలాసార్లు పోతుంది. సౌండ్‌బార్‌లో బోర్డు పోతే రిపేరు కష్టమే.

అప్‌గ్రేడ్: యాంప్లిఫయర్ ఉంచుకుని స్పీకర్లే మార్చుకోవచ్చు. బార్‌కి ఆ వీలు తక్కువ.

టీవీ సినిమాలకే అయితే, వైర్లంటే ఇంట్లో గొడవైతే, బార్. కళ్లు మూసుకుని ఇళయరాజా వయొలిన్లు ఏ పక్క నుంచి వస్తున్నాయో వినాలనుకుంటే, ఆరడుగుల ఎడంలో రెండు స్పీకర్లే.