చిన్న ఓడలో సముద్రం: పన్నెండేళ్ళలో నాలుగు ప్రయాణాల తర్వాత

మాది సఖినేటిపల్లి. నర్సాపురం వెళ్ళాలంటే వశిష్ఠ గోదావరి మీద పంటు ఎక్కాలి. కాలేజీకైనా, పెళ్ళి బట్టలకైనా, డాక్టరు దగ్గరికైనా చిన్నప్పటి నుంచీ అదే దారి. అందుకే నీళ్ళ మీద ప్రయాణమంటే మా ఊళ్ళో ఎవరికీ గొప్ప కాదు. నేను డబ్బు పెట్టి ఓడలెక్కుతున్నానని తెలిసి మా వీధి పెద్దాయన ఒకరు, "రోజూ ఎక్కే పంటు చాల్లేదాండీ?" అన్నారు.

2013 నుంచి ఇప్పటికి నేనూ మా ఆవిడా నాలుగు ఓడలెక్కాం. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. పెద్దదాని సంగతి ముందే చెప్పేస్తాను. సింగపూర్ నుంచి నాలుగు రాత్రులు, మూడు వేల పైచిలుకు జనం. తిండికి లోటు లేదు, రోజూ ఏదో ఒక ఆట, పాట. మూడో రోజు లిఫ్టు దిగుతూ మా ఆవిడ "ఏవండీ, సముద్రం ఎటువైపు?" అంది. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగింది. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అయితే 20 అంతస్తులు, నిండితే 7,600 మంది. జనాన్ని చూడాలంటే నాకు అంతర్వేది తీర్థం ఉంది, దానికి టికెట్ కూడా లేదు.

మొదటి ప్రయాణం మాత్రం లక్షద్వీప్. కొచ్చిలో ఎం.వి. కవరత్తి ఎక్కి కవరత్తి, కల్పేని, మినికాయ్ చూసి వచ్చాం. ఓడ రాత్రి నడుస్తుంది, పగలంతా మనం దీవిలో ఉంటాం. 700 మంది పట్టే ఓడ కాబట్టి మరీ చిన్నదేం కాదు. కానీ అందులో టూరిస్టులమే కాదు, దీవుల వాళ్ళూ ఉంటారు. మా పక్కన కొచ్చి ఆస్పత్రిలో కాన్పయి, నెల పిల్లతో ఇంటికెళ్తున్న కల్పేని అమ్మాయి కూర్చుంది. తెల్లారేసరికి ఆ పిల్ల మా ఆవిడ ఒళ్ళో ఉంది.

దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉంటుంది కాబట్టి ఓడ లోపలికి పోలేదు. బయటే ఆగుతుంది. ఓడ పక్కన, నీళ్ళకు కాస్త పైన ఒక తలుపు తీస్తారు. కింద పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. పడవవాళ్ళిద్దరు మన రెండు జబ్బలూ పట్టుకుని ఆపుతారు. కెరటం పడవని పైకి ఎత్తుతుంది, గుమ్మం అంచుకి సమంగా వస్తుంది, ఒక్క క్షణం అక్కడ నిలుస్తుంది. అప్పుడు అడుగెయ్యాలి. నా ముందున్నాయన ఆ క్షణం దాటాక వేశాడు, పడవలో కూలబడ్డాడు, దెబ్బేమీ తగల్లేదు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పంటు దిగినంత తేలిగ్గా దిగిపోయింది. మినికాయ్‌లో 1885 నాటి లైట్‌హౌస్ చూశాం. అయినా నాకు ఎక్కువ గుర్తున్నది ఆ తలుపే.

చిన్న ఓడల రుచి నాకు అక్కడ తెలిసింది. పెద్ద ఓడకి లోతు కావాలి, పొడవాటి జెట్టీ కావాలి. చిన్నది ఎక్కడికైనా దూరుతుంది. మా రెండో చిన్న ఓడ నార్వేలో. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా వెళ్ళి రావడానికి 12 రోజులు పడుతుంది, దారిలో 34 రేవులు. 1893లో మొదలైన దారి అది. మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తూ టికెట్లు కొన్నాడు గానీ, నా పింఛనుతో అయ్యే పని కాదు. ట్రోల్‌ఫియోర్డ్ అని ఒక పాయ ఉంది, మొగ దగ్గర వెడల్పు 100 మీటర్లే. రెండు వైపులా నిలువు కొండలు. ఓడ అందులోకి పోయి, ఉన్నచోటనే గుండ్రంగా తిరిగి బయటికొచ్చింది. పాపికొండల లాంచీ సరంగులను చూసినవాణ్ణి, అయినా నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అంతకంటే నచ్చింది రాత్రి రెండింటికి ఆగిన ఒక పేరు తెలియని రేవు. ఒక దీపం, ఒక షెడ్డు. సరుకు పెట్టెలు దించారు. ఒక ముసలావిడ చిన్న సంచీతో దిగి, కారులో ఎదురుచూస్తున్న మనిషితో వెళ్ళిపోయింది. పావుగంటలో ఓడ కదిలింది. మా కాలవల్లో లాంచీలు తిరిగిన రోజుల్లో రేవులూ ఇలాగే ఉండేవని మా నాన్న చెప్పేవాడు.

మూడో చిన్న ఓడ ఇండోనేషియాలో, లబువాన్ బాజో నుంచి కొమొడో దీవుల వైపు. ఫినిసి అంటారు, చెక్క ఓడ. మేం పద్నాలుగు మందిమి. చెక్క వాసన తగలగానే తాళ్ళరేవులో ఓడలు కట్టే చోటు గుర్తొచ్చింది. రెండో రోజు వంటాయన పట్టిన చేపని వేపబోతుంటే మా ఆవిడ వంటగదిలోకి వెళ్ళి చింతపండు అడిగింది. వాళ్ళ దగ్గరుంది. ఆ రాత్రి ఓడ మొత్తం పులుసు తిన్నారు. మూడు వేల మంది ఓడలో వంటగది గుమ్మం కూడా చూడనివ్వరు.

ఇక బాధలు. చిన్న ఓడ ఊగుతుంది, అందులో అబద్ధం లేదు. ఊగు తగ్గించడానికి పక్కల రెక్కలుంటాయి గానీ, అవి ఓడ నడుస్తున్నప్పుడే బాగా పని చేస్తాయి. ఫినిసిలో అవీ లేవు. నార్వేలో బోడో నుంచి లోఫోటెన్ దీవులకు దాటుతుంటే నేను రెండు గంటలు గోడ పట్టుకుని కూర్చున్నాను. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి. క్యాబిన్ కింది అంతస్తులో, ఓడ నడుమ తీసుకోండి. చవకని ముందు వైపుది తీసుకుంటే తెల్లవారుజామున లంగరు గొలుసు వదిలిన చప్పుడుకి మంచం మీంచి లేచి కూర్చుంటారు. నేను కూర్చున్నాను.

శనివారం మా ఆవిడ నీచు ముట్టదు. నార్వేలో ఆ రోజు బంగాళాదుంపలూ రొట్టే గతి. కందిపొడి, ఆవకాయ మన సంచీలో ఉండాల్సిందే. పద్నాలుగు మందిలో ఒకాయన నోరు మూయని మనిషైతే తప్పించుకుని పోవడానికి చోటుండదు. ఫినిసిలో మాకు అలాంటాయన దొరికాడు. ఒక కంపెనీ (పేరు అనవసరం) గాలి బాగోలేదని ఒక దీవి ఎత్తేసింది. అది న్యాయమే, సముద్రం మన మాట వినదు. కానీ డబ్బు సంగతి అడిగితే వెనకున్న చిన్న అక్షరాలు చూపించింది. ముందే చదువుకోండి.

అంటార్కిటికా ఆశ ఒకటి మిగిలింది. అక్కడికెళ్ళే కంపెనీల కట్టుబాటు ప్రకారం 500 మంది కంటే ఎక్కువున్న ఓడ ఎవర్నీ ఒడ్డున దింపదు. ఒక్కోచోట ఒకేసారి 100 మందే దిగాలి. అంటే అక్కడ నేల మీద కాలు పెట్టాలంటే చిన్న ఓడే ఎక్కాలి. ధర చూశాను. మా కొబ్బరితోట వైపు చూశాను. ఆ కాగితం మడిచి పెట్టేశాను.

వచ్చే చలికాలంలో మళ్ళీ లక్షద్వీప్ వెళ్దామనుకుంటున్నాం. మా బావమరిదీ వస్తానన్నాడు. పంటు మీద కూడా రెయిలింగు వదలని మనిషి. "ఊగుతుందా బావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఊగుతుందనే చెప్పాను. నిన్న డబ్బు పంపించాడు, నడుమ క్యాబిన్ చూడమన్నాడు.